ఓఎల్ఈడీ ఎఫిషియెన్సీ పెంచాలంటే ముందు వెలుగు ఎక్కడ పోతోందో పట్టుకోండి

మా ల్యాబులో కొత్తగా చేరిన పిల్లలు, ఇండియా నుంచి ఫోన్ చేసే పీహెచ్‌డీ విద్యార్థులు నన్ను అడిగేది చాలావరకూ ఒకటే ప్రశ్న. “అక్కా, ఏ డోపెంట్ తెప్పిస్తే ఈక్యూఈ ఇరవై దాటుతుంది?” ఓఎల్ఈడీ అంటే కరెంటు పెడితే వెలిగే పల్చటి ఆర్గానిక్ పొరల డివైజు. అందులో వెలుగివ్వడానికి కొద్దిగా కలిపే పదార్థం డోపెంట్. లోపలికి పంపిన ప్రతి వంద ఎలక్ట్రాన్లకు బయటికి వచ్చే వెలుగు రేణువుల లెక్క ఈక్యూఈ. డోపెంట్ సంగతి తర్వాత చూద్దాం, మీ దగ్గరున్న డివైజులో వెలుగు ఎక్కడ పోతోందో ముందు చెప్పమంటాను. అది తెలియకుండా ఖరీదైన మెటీరియల్ తెప్పిస్తే పాత నష్టాలన్నీ కొత్త డివైజులోకి కూడా వచ్చేస్తాయి.

నేను తైవాన్‌లోని షిన్‌చులో ఆర్గానిక్ డివైజుల మీద పనిచేస్తున్నాను. ఇక్కడి ల్యాబుల్లో మన తెలుగు విద్యార్థులు బాగానే ఉన్నారు. వాళ్లకు నోటితో చెప్పేదంతా ఒకచోట రాసి పెడితే ఇంకొందరికి ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను. డివైజు ఎలా పనిచేస్తుందో మీకు కొంత తెలుసనుకుంటున్నాను. ఒకవైపు పారదర్శకమైన ఐటీఓ (ఇండియం టిన్ ఆక్సైడ్) నుంచి హోల్స్ (ఎలక్ట్రాన్ లేని ఖాళీలు, అంటే పాజిటివ్ చార్జి), ఇంకోవైపు అల్యూమినియం నుంచి ఎలక్ట్రాన్లు బయల్దేరి, మధ్యలో వంద నానోమీటర్లకు అటూఇటూ మందమున్న ఆర్గానిక్ పొరల్లో కలుస్తాయి. కలిసినచోట ఎక్సిటాన్, అంటే శక్తి నిండిన జత, పుడుతుంది, అందులోంచి వెలుగు వస్తుంది.

ముందు లెక్క

ఎక్స్‌టర్నల్ క్వాంటం ఎఫిషియెన్సీ, మనం ఈక్యూఈ అనేది, నాలుగు సంఖ్యల గుణకారం. లోపలికి వెళ్లిన చార్జిలో ఎంత భాగం నిజంగా జతకట్టింది అన్నది మొదటిది. పుట్టిన ఎక్సిటాన్లలో వెలుగివ్వగలిగే రకం ఎంత అన్నది రెండోది. ఆ రకంలో ఎన్ని వేడిగా పోకుండా నిజంగా వెలుగిచ్చాయన్నది మూడోది. పుట్టిన వెలుగులో గాజు దాటి గాలిలోకి వచ్చింది ఎంత అన్నది నాలుగోది. మా తెనాలి వైపు కాలువ చివరి పొలమున్న రైతుకి ఈ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు. పైన ఏ తూము దగ్గర నీళ్లు పోయినా ఆ మేరకు అతని మడికి తగ్గుతాయి.

ఒక గ్రీన్ ఫాస్ఫోరెసెంట్ డివైజు, అంటే అన్ని రకాల ఎక్సిటాన్ల నుంచీ వెలుగిచ్చేది, తీసుకుందాం. చార్జి బ్యాలెన్స్ 0.7, ఎక్సిటాన్ రకం 1, ఫిల్ము వెలుగిచ్చే శాతం 0.9, బయటికి వచ్చేది 0.2. గుణిస్తే 0.126, అంటే 12.6 శాతం. ఇప్పుడు మంచి డోపెంట్ తెచ్చి 0.9ని 0.95 చేశారనుకోండి, వచ్చేది 13.3 శాతం. డోపెంట్ జోలికి పోకుండా బ్యాలెన్స్‌ను 0.7 నుంచి 0.98కి తీసుకొస్తే 17.6 శాతం. అందుకే నాలుగింటిలో తాను చేరగలిగే స్థాయికి అన్నిటికంటే దూరంగా ఉన్నది ఏదో కనుక్కుని, దాని మీదే పని మొదలుపెట్టాలి. ఈ వ్యాసమంతా ఆ కనుక్కోవడం గురించే.

గాజు శుభ్రం, మందాల లెక్క

ఈ రెండూ సరిగా లేకపోతే ఎంత విశ్లేషణ చేసినా వృథా. ఐటీఓ గాజును డిటర్జెంట్ నీళ్లు, డీఅయనైజ్డ్ నీళ్లు, ఎసిటోన్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఇదే వరుసలో అల్ట్రాసోనిక్ బాత్‌లో ఒక్కోదాంట్లో పది పదిహేను నిమిషాలు ఉంచండి. నైట్రోజన్‌తో ఆరబెట్టి, 15 నిమిషాలు యూవీ-ఓజోన్ కొట్టండి. ఐటీఓ వర్క్ ఫంక్షన్ (ఉపరితలం నుంచి ఎలక్ట్రాన్‌ను బయటికి లాగడానికి కావాల్సిన శక్తి) మామూలుగా 4.5 నుంచి 4.8 ఎలక్ట్రాన్ వోల్టుల మధ్య ఉంటుంది. ఓజోన్ తర్వాత 5 దగ్గరికి వస్తుంది, హోల్స్ లోపలికి వెళ్లడం తేలికవుతుంది. అయితే ఇది నిలిచే మార్పు కాదు, గంటలు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. ఓజోన్ కొట్టిన గాజును బయట పెట్టి భోజనానికి వెళ్లకండి, నేరుగా పొరలను ఆవిరితో వేసే వాక్యూమ్ చాంబర్‌లోకి ఎక్కించండి.

శుభ్రం సరిపోయిందో లేదో డివైజే చెబుతుంది. కరెంటు-వోల్టేజీ గ్రాఫును లాగ్ స్కేల్‌లో గీసి, వెలుగు మొదలవడానికి ముందు భాగం, అంటే రెండు వోల్టుల లోపు చూడండి. అక్కడ కరెంటు దాదాపు అడుగున ఉండాలి. పైకి లేచి ఉంటే దుమ్ము రేణువో, ఐటీఓ మీది మొనో పొరల్ని చీల్చుకుని కరెంటుకు దొడ్డిదారి చూపిస్తోందన్నమాట. ఆ కరెంటు వెలుగివ్వదు. తక్కువ కాంతి దగ్గర ఈక్యూఈ మరీ కిందుండి, కరెంటు పెంచేకొద్దీ పైకి ఎక్కుతోందంటే నేను ముందు అనుమానించేది ఈ లీకేజీనే.

ఇక మందం. చాంబర్‌లో క్వార్ట్జ్ క్రిస్టల్ సెన్సర్ చూపించే మందం సెన్సర్ మీద పడినది, మీ గాజు మీద పడినది కాదు. రెండింటి నిష్పత్తే టూలింగ్ ఫ్యాక్టర్. ప్రతి మెటీరియల్‌నీ విడిగా సిలికాన్ ముక్క మీద మందంగా వేసి, ఎలిప్సోమీటరుతోనో ప్రొఫైలోమీటరుతోనో కొలవండి. తెర మీద 100 నానోమీటర్లు చూపించి, ముక్క మీద 86 ఉంటే పాత టూలింగ్‌ను 0.86తో గుణించాలి. డోపెంట్ సెన్సర్ విషయంలో ఇది మరీ ముఖ్యం. హోస్టును, అంటే డోపెంట్‌ను కలిపే ప్రధాన పదార్థాన్ని, సెకనుకు 1 ఆంగ్‌స్ట్రాం (నానోమీటరులో పదో వంతు) చొప్పున వేస్తున్నప్పుడు 8 శాతం డోపింగ్ కావాలంటే డోపెంట్ రేటు 0.08 ఆంగ్‌స్ట్రాం ఉండాలి. అంత చిన్న రేటు దగ్గర సెన్సర్ అంకె ఊగుతూనే ఉంటుంది, హోస్టు ఆవిరి కొంచెం ఆ సెన్సర్ మీద పడినా లెక్క తప్పుతుంది. డోపెంట్ సెన్సర్‌కి హోస్టు మూస కనిపించకుండా అడ్డు పెట్టించండి. మీరు 8 శాతం అనుకుంటున్నది నిజంగా 5 అయితే తర్వాత చేసే ఏ ప్రయోగానికీ అర్థం ఉండదు.

స్పెక్ట్రం అడుగు భాగం చూడండి

చార్జి బ్యాలెన్స్ తెలుసుకోవడానికి ఖర్చులేని దారి ఎలక్ట్రోల్యూమినెసెన్స్ స్పెక్ట్రం, అంటే కరెంటుతో వెలిగినప్పుడు ఏ రంగు ఎంత వచ్చిందో చూపే గ్రాఫు. చాలామంది పెద్ద శిఖరం చూసి, రంగు సరిపోయిందనుకుని ఫైలు మూసేస్తారు. మీరు నిలువు అక్షాన్ని కూడా లాగ్ స్కేల్‌కి మార్చి శిఖరం ఎడమవైపు అడుగు భాగాన్ని చూడండి.

ఉదాహరణకి పాతకాలపు గ్రీన్ డివైజు: ఐటీఓ, దాని మీద హోల్స్ మోసే ఎన్‌పీబీ 40 నానోమీటర్లు, సీబీపీ హోస్టులో ఐఆర్‌పీపీవై3 (ఇరిడియం ఉన్న గ్రీన్ డోపెంట్) డోప్ చేసిన పొర 30, హోల్స్‌ను ఆపడానికి బీసీపీ 10, ఎలక్ట్రాన్లు మోసే ఏఎల్‌క్యూ3 30, లిథియం ఫ్లోరైడ్, అల్యూమినియం. దీని శిఖరం 510 నానోమీటర్ల దగ్గర వస్తుంది. 440 దగ్గర చిన్న గూను కనిపిస్తే అది ఎన్‌పీబీ వెలుగు. అంటే ఎలక్ట్రాన్లు ఎమిటింగ్ పొరను దాటి హోల్ పొరలోకి చొరబడుతున్నాయి. మధ్యలో టీసీటీఏ లాంటి ఎలక్ట్రాన్లను ఆపే పొర 10 నానోమీటర్లు పెడితే ఆ గూను పోతుంది. 390, 400 మధ్య కనిపిస్తే అది సీబీపీదే. హోస్టు మీద పుట్టిన శక్తి డోపెంట్‌కి పూర్తిగా అందడం లేదు, డోపింగ్ తక్కువైంది. ఏఎల్‌క్యూ3 విషయంలో మాత్రం జాగ్రత్త. దాని వెలుగు కూడా 520, 530 ప్రాంతంలోనే ఉంటుంది కాబట్టి గ్రీన్ డివైజులో విడిగా కనబడదు. శిఖరం కుడివైపు తోక వెడల్పవుతోందా అని చూసుకోవాలి.

బ్యాలెన్స్ ఎందుకు చెడుతుందంటే, ఆర్గానిక్ మెటీరియల్స్‌లో హోల్స్ పరుగెత్తే వేగానికీ ఎలక్ట్రాన్ల వేగానికీ మామూలుగా పొంతన ఉండదు. ఎన్‌పీబీలో హోల్ మొబిలిటీ 10⁻⁴, 10⁻³ మధ్య, ఏఎల్‌క్యూ3లో ఎలక్ట్రాన్ మొబిలిటీ 10⁻⁶, 10⁻⁵ మధ్య ఉంటుంది, చదరపు సెంటీమీటరు ప్రతి వోల్టు-సెకను లెక్కన. వంద రెట్ల తేడా అన్నమాట. ఏఎల్‌క్యూ3 బదులు టీపీబీఐ, అంతకంటే చురుగ్గా టీఎంపీవైపీబీ లాంటి ఎలక్ట్రాన్ పొర పెడితే ఈ తేడా చాలావరకు సర్దుకుంటుంది.

ఎంత సర్దుకుందో తెలియాలంటే రెండు వెలగని డివైజులు చేయండి. మొదటిది హోల్స్ మాత్రమే ప్రవహించేది, రెండు ఎలక్ట్రోడుల పక్కనా మోలిబ్డినం ట్రయాక్సైడ్ పెట్టాలి. రెండోది ఎలక్ట్రాన్లు మాత్రమే ప్రవహించేది, ఐటీఓ వైపు కూడా టీపీబీఐ పెట్టి హోల్స్‌ను ఆపాలి. మధ్యలో మీ ఎమిటింగ్ పొర అలాగే ఉండాలి. రెండింటి కరెంటు గ్రాఫులు ఒకే కాగితం మీద గీయండి. ఒకే విద్యుత్ క్షేత్రం దగ్గర హోల్ కరెంటు పది రెట్లు ఎక్కువుంటే ఏ వైపు తగ్గించాలో, ఏ వైపు పెంచాలో మీకే తెలిసిపోతుంది. వెలగని డివైజుల కోసం ఒక రన్ ఖర్చుపెట్టడానికి విద్యార్థులకు మనసొప్పదు. అయినా పెట్టండి, తర్వాత చాలా రన్‌లు మిగులుతాయి.

సగం నానోమీటరు ఉప్పు

ఎలక్ట్రాన్ల వైపు అన్నిటికంటే సున్నితమైన పని లిథియం ఫ్లోరైడ్ వేయడం. 1997లో కొడాక్‌లో హంగ్, టాంగ్, మేసన్ చూపించిన పద్ధతి ఇది. అల్యూమినియం కింద అతి పల్చటి లిథియం ఫ్లోరైడ్ ఉంటే ఎలక్ట్రాన్లు ఎంతో తేలిగ్గా లోపలికి దిగుతాయి. నిజానికి అది ఇన్సులేటర్. పల్చగా ఉన్నప్పుడు, మీద పడే అల్యూమినియంతో కలిసి పనిచేస్తుంది. అర నుంచి ఒక నానోమీటరు దాకా మేలు చేస్తుంది. రెండు మూడు నానోమీటర్లు అయ్యేసరికి తన ఇన్సులేటర్ గుణం చూపించి వోల్టేజీని పెంచేస్తుంది.

నేను దీన్ని సెకనుకు 0.1 ఆంగ్‌స్ట్రాం రేటుతో వేస్తాను. 0.8 నానోమీటరు కావాలంటే 80 సెకన్లు. బోటు (పదార్థాన్ని ఆవిరి చేసే పాత్ర) వేడెక్కేటప్పుడు ఆ వేడి సెన్సర్ క్రిస్టల్‌కి తగిలి, ఏమీ పడకుండానే తెర మీద అంకె కొన్ని ఆంగ్‌స్ట్రాంలు కదులుతుంది. వంద నానోమీటర్ల పొరకి ఆ కదలిక లెక్కలోకి రాదు, ఎనిమిది ఆంగ్‌స్ట్రాంల పొరకి అది సగం తప్పు. అందుకే షట్టర్ మూసే ఉంచి, రేటు నిలకడగా వచ్చాక కూడా కాసేపు ఆగి, సెన్సర్‌ను జీరో చేసి అప్పుడు షట్టర్ తెరవాలి. అల్యూమినియం ఆలస్యం చేయకుండా, వాక్యూమ్ విడవకుండా వెంటనే వేయాలి. మీ చాంబర్‌లో ఈ నియంత్రణ కష్టమైతే ఎల్ఐక్యూ (లిథియం ఉన్న ఆర్గానిక్ పదార్థం) వాడండి. ఒకటి నుంచి రెండు నానోమీటర్ల మధ్య ఎక్కడున్నా దాదాపు ఒకేలా పనిచేస్తుంది.

బ్యాలెన్స్ సరిపోయిన గుర్తు వోల్టేజీలో కూడా కనిపిస్తుంది. గ్రీన్ ఫోటాన్ శక్తి 2.4 ఎలక్ట్రాన్ వోల్టులు. అందువల్ల చదరపు మీటరుకు ఒక క్యాండెలా వెలుగు 2.4 నుంచి 2.8 వోల్టుల మధ్య మొదలైతే ఎలక్ట్రోడుల దగ్గర పెద్ద అడ్డంకి లేదని అర్థం. నాలుగు వోల్టులు దాటాక మొదలైతే ఏదో ఒక గుమ్మం దగ్గర చార్జి ఆగిపోతోంది.

ఇరవై ఐదు శాతం గోడ

1987లో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్‌స్లైక్ కొడాక్‌లో చేసిన తొలి రెండు పొరల డివైజు ఈక్యూఈ ఒక శాతం దగ్గర ఉండేది. పది వోల్టుల లోపు బాగా వెలగడమే అప్పట్లో పెద్ద విశేషం. ఆ తర్వాత చాలాకాలం ఎవరెంత కష్టపడినా ఐదు శాతం పైన గోడ తగిలేది. కారణం స్పిన్. ఎలక్ట్రాన్, హోల్ కలిసినప్పుడు నాలుగింట ఒకటి సింగ్లెట్, మూడు ట్రిప్లెట్. మామూలు ఫ్లోరెసెంట్ అణువులు సింగ్లెట్ నుంచే వెలుగిస్తాయి. 25 శాతంలో బయటికి వచ్చేది ఐదో వంతు, అంటే ఐదు.

1998లో బాల్డో, ఫారెస్ట్, థామ్సన్ బృందం ప్లాటినం కాంప్లెక్సుతో ట్రిప్లెట్లను కూడా వెలిగించింది. తర్వాత ఇరిడియం వచ్చింది, 2001 నాటికి గ్రీన్‌లో 19 శాతం చేరారు. 2012లో జపాన్‌లోని క్యూషు యూనివర్సిటీలో అడాచీ బృందం, బరువైన లోహం లేని 4సీజెడ్ఐపీఎన్ అనే అణువుతో అదే స్థాయి అందుకుంది. అందులో సింగ్లెట్, ట్రిప్లెట్ శక్తుల మధ్య తేడా ఎంత చిన్నదంటే, గది వేడికే ట్రిప్లెట్ తిరిగి సింగ్లెట్‌గా మారిపోతుంది. దీన్నే టీఏడీఎఫ్ అంటున్నాం.

కొత్తవాళ్లకు నా సలహా ఇరిడియం గ్రీన్‌తో మొదలుపెట్టమని. టీఏడీఎఫ్ అణువులు హోస్టు మారితే స్వభావం మార్చుకుంటాయి. ఫలితం బాగా రాకపోతే తప్పు అణువుదో మీ డివైజుదో తేల్చుకోలేక తల బద్దలవుతుంది. ఐఆర్‌పీపీవై3 గుణాలన్నీ ఎప్పుడో తేలిపోయాయి కాబట్టి, అక్కడ లోపం కనిపిస్తే అది డివైజుదే.

ట్రిప్లెట్‌ను బందీ చేయడం

ట్రిప్లెట్లు వెలుగిస్తున్నాయి అంటే అవి పారిపోవడానికి దారులు కూడా ఉన్నాయనే. ఐఆర్‌పీపీవై3 ట్రిప్లెట్ శక్తి 2.4 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఉంది. పక్కనున్న ప్రతి పొర ట్రిప్లెట్ ఇంతకంటే పైన ఉండాలి. సీబీపీ 2.56, ఫర్వాలేదు. ఎన్‌పీబీ 2.3, కింద ఉంది. అందుకే పైన చెప్పిన పాత డివైజులో ఎన్‌పీబీ సరిహద్దు దగ్గర పుట్టిన ట్రిప్లెట్లు ఎన్‌పీబీలోకి జారి వేడిగా పోతాయి. ఎన్‌పీబీ తీసేసి టీఏపీసీ (2.87) పెట్టి, దాని పక్కన 10 నానోమీటర్ల టీసీటీఏ వేస్తే ఈ కన్నం పూడుతుంది. ఎలక్ట్రాన్లను ఆపే పనీ అక్కడే అయిపోతుంది. పాత డివైజును మెరుగుపరచడానికి ఒక్క మార్పే చేయాలంటే నేను చేసేది ఇదే.

ఫిల్ము నిజంగా ఎంత వెలుగిస్తోందో డివైజు లేకుండానే కొలవచ్చు. క్వార్ట్జ్ ముక్క మీద ఎమిటింగ్ పొర మాత్రమే వేసి, నైట్రోజన్ ప్రవాహంలో ఇంటిగ్రేటింగ్ స్ఫియర్‌లో (అన్ని వైపుల వెలుగునీ పోగుచేసే గోళం) పీఎల్‌క్యూవై, అంటే పీల్చుకున్న వెలుగులో ఎంత తిరిగి ఇస్తోందో, కొలవండి. గాలిలో కొలిస్తే ఆక్సిజన్ ట్రిప్లెట్లను తినేసి తక్కువ చూపిస్తుంది. సీబీపీలో కొద్ది శాతం ఐఆర్‌పీపీవై3 ఉన్న ఫిల్ము 90 శాతం పైన ఇస్తుంది. అదే డోపెంట్‌ను హోస్టు లేకుండా ఒంటరిగా పరిస్తే కొద్ది శాతమే. అణువులు పక్కపక్కనే ఉంటే ఒకదాని వెలుగును ఇంకొకటి ఆర్పేస్తుంది. మీ ఫిల్ము 85 దాటితే మూడో సంఖ్య గురించి ఇక బెంగ వద్దు, మిగతావాటి మీదికి వెళ్లండి. 60 దగ్గర ఆగితే డోపింగ్ శాతం, హోస్టు శుద్ధత చూడండి. సబ్లిమేషన్ (ఆవిరి చేసి శుద్ధి చేయడం) చేయని హోస్టుతో డివైజు చేయకండి.

కాంతి పెంచితే ఎఫిషియెన్సీ పడిపోతుంటే

పేపర్లలో గరిష్ఠ ఈక్యూఈ పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అది చాలాసార్లు గదిలో దీపంగా పనికిరాని మసక వెలుతురు దగ్గరి అంకె. చదరపు మీటరుకు 1000 క్యాండెలాల దగ్గర ఎంతుందో చూడండి. పడిపోవడానికి పెద్ద కారణం ట్రిప్లెట్లు ఒకదాన్నొకటి ఢీకొని ఆరిపోవడం. ట్రిప్లెట్ ఎంతసేపు బతికుంటే అంత ప్రమాదం. ఐఆర్‌పీపీవై3లో అది మైక్రోసెకను పరిధిలో ఉంటుంది, తొలినాటి ప్లాటినం కాంప్లెక్సులో పదుల మైక్రోసెకన్లు. అందుకే ప్లాటినం డివైజు కాంతి పెంచగానే చతికిలబడేది.

దీనికి మంచి మందు ఎక్సిటాన్లు పుట్టే చోటును వెడల్పు చేయడం. సీబీపీ ఒక్కటే ఉంటే అవి ఒక సరిహద్దు దగ్గర కిక్కిరిసిపోతాయి. హోల్స్ మోసేది ఒకటి, ఎలక్ట్రాన్లు మోసేది ఒకటి కలిపి హోస్టుగా వాడండి. టీసీటీఏ, టీపీబీఐ సగం సగం చాలామంది వాడే జత. టీసీటీఏ, బీ3పీవైఎంపీఎం జత ఇంకా బాగుంటుంది. ఆ రెండూ కలిస్తే ఎక్సిప్లెక్స్ (రెండు అణువులు పంచుకునే ఎక్సిటాన్) ఏర్పడి, లోపలికి దిగే అడ్డంకి దాదాపు లేకుండా పోతుంది. సియోల్ నేషనల్ యూనివర్సిటీలో కిమ్ జాంగ్-జూ బృందం ఈ దారిలో వెళ్లి ఈక్యూఈని 30 శాతం దాకా తీసుకెళ్లింది. మూడు బోట్లు ఒకేసారి నడపాలి కాబట్టి చాంబర్ ముందు మీ ఓపికకు పరీక్షే. రేట్లు మూడూ నిలకడగా వచ్చేదాకా షట్టర్ తెరవకండి.

గాజులో చిక్కుకున్న వెలుగు

పై మూడు సంఖ్యలూ ఒకటి దగ్గరికి వచ్చాక మిగిలేది నాలుగోది. దీన్ని చాలామంది చివర్లో చూద్దామని వదిలేస్తారు. పోయేది ఎక్కువ ఇక్కడే. ఆర్గానిక్ పొరల వక్రీభవన గుణకం 1.75 ప్రాంతంలో, గాజుది 1.5, గాలిది 1. ఏటవాలుగా వెళ్లిన వెలుగు సరిహద్దు దగ్గర వెనక్కి తిరిగిపోతుంది. కొంత గాజులోనే ఉండి అంచుల నుంచి కారిపోతుంది. కొంత ఐటీఓ, ఆర్గానిక్ పొరల్లో ఉండిపోతుంది. ఇంకొంత అల్యూమినియం ఉపరితలం మీద ప్లాస్మాన్‌గా (లోహంలోని ఎలక్ట్రాన్ల అల) మారి వేడవుతుంది. బయటికి వచ్చేది సుమారు ఇరవై శాతం.

ఖర్చు లేకుండా చేయగలిగేది ఎలక్ట్రాన్ పొర మందం సరిచేయడం. అల్యూమినియం అద్దంలా పనిచేస్తుంది. ఎమిటర్ నుంచి నేరుగా వచ్చే వెలుగు, అద్దంలో తిరిగివచ్చే వెలుగు ఒకదాన్నొకటి బలపరచాలంటే మధ్య దూరం తగినంత ఉండాలి. గ్రీన్‌కి 520ని నాలుగు రెట్ల 1.75తో భాగిస్తే 74 నానోమీటర్లు. లోహం దగ్గర ఫేజు మార్పు తీసేస్తే 50, 60 మధ్య. బ్లూకి కొంచెం తక్కువ, రెడ్‌కి కొంచెం ఎక్కువ. నమ్మకంగా తేల్చుకోవాలంటే చాంబర్‌లో నాలుగు గాజులు పెట్టి, టీపీబీఐ వేసేటప్పుడు కదిలే షట్టర్‌తో ఒక్కోదాన్ని వరుసగా 35, 45, 55, 65 దగ్గర మూసేయండి. మిగతా పొరలన్నీ ఒకే రన్‌లో పడతాయి కాబట్టి తేడా ఏదైనా ఆ మందానిదే. టీపీబీఐ మందం పెరిగితే వోల్టేజీ కూడా పెరుగుతుంది, రెండూ చూసి నిర్ణయించండి.

తర్వాత, గాజులో ఎంత చిక్కుకుందో కొలవండి. పిక్సెల్ కంటే బాగా పెద్ద సగం గోళాకారపు గాజు లెన్సును ఇండెక్స్ మ్యాచింగ్ ఆయిల్‌తో గాజు మీద అతికించి, ఇంటిగ్రేటింగ్ స్ఫియర్‌లో మళ్లీ కొలిస్తే పెరిగినంతా గాజులో చిక్కుకున్న వెలుగే. దాన్ని బట్టి మైక్రోలెన్స్ ఫిల్ము అతికించాలా వద్దా అన్నది తేలుతుంది. 2002లో మోలర్, ఫారెస్ట్ మైక్రోలెన్సులతో ఒకటిన్నర రెట్లు పెంచారు. 2023లో ఎల్‌జీ డిస్‌ప్లే టీవీ ప్యానెళ్లలోకి కూడా మైక్రోలెన్సులు వచ్చాయి. ఆర్గానిక్ పొరల్లో చిక్కుకున్నదాన్ని గాజులోకి లాగాలంటే గాజు గుణకమే పెంచాలి. 2009లో డ్రెస్డెన్‌లో రైనెకే, లియో బృందం 1.78 గుణకమున్న గాజుతో, దాని మీద నమూనాలతో వైట్ డివైజును 1000 క్యాండెలాల దగ్గర వాట్‌కు 90 ల్యూమెన్లకు తీసుకెళ్లింది. ఆ గాజు ఖరీదు ఎక్కువ, రీసెర్చ్‌కి తప్ప అందరికీ చెప్పను.

అణువు పడుకున్న తీరు కూడా లెక్కే. గాజుకు సమాంతరంగా ఉన్న డైపోల్ (అణువులో వెలుగు పుట్టించే చార్జి ఊపు) వెలుగు బయటికి వస్తుంది, నిలువుగా ఉన్నది ప్లాస్మాన్‌కి పోతుంది. చెల్లాచెదురుగా ఉంటే సమాంతరం 67 శాతం. ఐఆర్‌పీపీవై3 అలాంటిదే. దాని దగ్గరి బంధువు, అసిటైల్ అసిటోనేట్ ఉన్నది, తగిన హోస్టులో 77 దగ్గరికి వస్తుంది. అందుకే పరికరం అంతా సర్దుకున్నాక నేను ఆ డోపెంట్‌కి మారమంటాను. గాజును కొంచెం వేడి చేసి పొరలు వేయడం ఇంకో మంచి దారి. కెల్విన్ లెక్కలో, ఆ పదార్థం మెత్తబడే గ్లాస్ ట్రాన్సిషన్ ఉష్ణోగ్రతలో 85 శాతం దగ్గర ఉంచితే అణువులు దట్టంగా సర్దుకుంటాయి. టీపీబీఐకి అది 65 డిగ్రీల సెల్సియస్ ప్రాంతం. ఎఫిషియెన్సీ, ఆయుష్షు రెండూ ఇలా పెరిగాయని 2018లో డ్రెస్డెన్, బార్సిలోనా బృందాలు చూపించాయి. మీ చాంబర్‌లో సబ్‌స్ట్రేట్ హీటర్ ఉంటే తప్పక ప్రయత్నించండి.

వోల్టేజీని మరవకండి

కరెంటు బిల్లు ఈక్యూఈని చూసి రాదు, వాట్లను చూసి వస్తుంది. వాట్‌కు ల్యూమెన్లు కావాలంటే ఆంపియర్‌కు క్యాండెలాలను పై (3.14)తో గుణించి వోల్టేజీతో భాగించాలి. ఆంపియర్‌కు 60 క్యాండెలాల డివైజు 3.2 వోల్టుల దగ్గర 59 ల్యూమెన్లు ఇస్తే, 5 వోల్టుల దగ్గర 38 మాత్రమే ఇస్తుంది. డివైజు మీద డివైజు పేర్చే ట్యాండెంలో క్యాండెలాలు రెట్టింపవుతాయి, వోల్టేజీ కూడా రెట్టింపవుతుంది. అక్కడి లాభం ఆయుష్షులో, కాంతిలో ఉంటుంది. 2024 ఐప్యాడ్ ప్రోలో పెట్టింది అందుకే.

కొలత

గాజు అంచుల్లోంచి వచ్చే వెలుగు స్ఫియర్‌లో లెక్కలోకి రాకూడదు, అంచులకు నల్ల టేపు అతికించండి. లెన్సు పెట్టినప్పుడు కూడా అంతే. ఎదురుగా మాత్రమే కొలిచే మీటరుతో ఈక్యూఈ లెక్కేస్తే, వెలుగు అన్ని వైపులా సమంగా పరుచుకుందని మీరు నమ్ముతున్నట్టు. మందాలు మార్చిన డివైజులో అది నిజం కాకపోవచ్చు, కోణం మార్చి కొలిచి చూసుకోండి. పిక్సెల్ విస్తీర్ణం మాస్కు మీద రాసిన అంకె కాదు, మైక్రోస్కోపులో కొలిచిన అంకె వాడాలి. అక్కడ పది శాతం తేడా నేరుగా ఈక్యూఈలోకి వస్తుంది.

షిన్‌చులో గాలి తేమగా ఉంటుంది, విశాఖలో చేసినా ఇదే ఇబ్బంది. నీరు, ఆక్సిజన్ ఒక పీపీఎం లోపు ఉన్న గ్లోవ్ బాక్సులోనే, తేమ పీల్చే గెట్టర్ పెట్టి, యూవీ ఎపాక్సీతో మూత వేయండి. మూత సరిగా పడకపోతే పిక్సెల్‌లో నల్ల చుక్కలు పుట్టి పెరుగుతాయి. వెలిగే విస్తీర్ణం తగ్గుతుంది, మీరేమో మెటీరియల్ చెడిందనుకుంటారు.

ఆవిరి చాంబర్ లేని కాలేజీల్లో స్పిన్ కోటింగ్‌తో కూడా ఇదంతా నేర్చుకోవచ్చు. హోల్స్‌ను లోపలికి పంపే పాలిమర్ పీడాట్-పీఎస్ఎస్‌ను ఫిల్టర్ చేసి పరిచి, 120 నుంచి 150 డిగ్రీల మధ్య ఆరబెట్టి, దాని మీద పీవీకే (హోస్టు పాలిమర్), ఓఎక్స్‌డీ-7 (ఎలక్ట్రాన్లు మోసేది), ఇరిడియం గ్రీన్ కలిపిన క్లోరోబెంజీన్ ద్రావణం పరవండి. కాథోడుకి మాత్రం వాక్యూమ్ తప్పదు. బ్యాలెన్స్ సరిచేయడానికి ఇక్కడ ఓఎక్స్‌డీ-7 శాతమే మీ చేతిలోని మీట.

బ్లూ జోలికి ఎప్పుడు వెళ్లాలని అడుగుతారు. గ్రీన్‌లో నాలుగు సంఖ్యలూ విడివిడిగా చెప్పగలిగాక. ఆకాశనీలం డోపెంట్ ఎఫ్ఐఆర్‌పిక్ ట్రిప్లెట్ 2.65, కాబట్టి సీబీపీ పనికిరాదు. ఎంసీపీ (2.9) హోస్టు, టీఏపీసీ, టీఎంపీవైపీబీ పక్క పొరలు తీసుకోండి. ముదురు బ్లూలో ఆయుష్షు ఇంకా పెద్ద చిక్కే, అందుకే ఇన్నేళ్లు ఫోన్ స్క్రీన్లలో బ్లూ మటుకు ఫ్లోరెసెంట్‌గానే ఉండిపోయింది. మొదటి బ్లూ రన్ వేసేటప్పుడు అదే చాంబర్‌లో, అదే రోజు ఒక గ్రీన్ రిఫరెన్స్ డివైజు కూడా వేయండి. గ్రీన్ మామూలుగా వచ్చి బ్లూ పడిపోతే ట్రిప్లెట్ల సంగతి చూడండి. రెండూ పడిపోతే చాంబర్ తెరిచి బోట్లు, సెన్సర్లు చూడండి.